గోడ లేని లోయ

మొన్న గురుగ్రామ్‌లో ఒక మాల్‌కి వెళితే, పై అంతస్తులో డ్రైవింగ్ నేర్పే దుకాణం కనిపించింది. కారు లేదు, రోడ్డు లేదు. ఒక కుర్చీ, ఒక స్టీరింగు, కళ్లకు కట్టుకునే నల్లటి పెట్టె, అంతే. మా పక్క ఫ్లాట్ అమ్మాయి అక్కడే నేర్చుకుంటోంది. "ఆంటీ, ఆప్ భీ ట్రై కరో" అని నన్ను కూర్చోబెట్టింది. నేను చెప్పినట్టు వినే రకం కాదు. ఫ్లైఓవర్ ఎక్కగానే కావాలని స్టీరింగు ఒక పక్కకి తిప్పేశాను. కారు రెయిలింగు దాటి గాల్లోకి వెళ్లి, అక్కడే ఆగింది. చెవిలో ఒక ఆడగొంతు తేనె పూసినట్టు "కోయీ బాత్ నహీ", ఏం పరవాలేదు, అంది. కారు దానంతటదే వెనక్కొచ్చి రోడ్డు మీద నిలబడింది. ఆ గొంతు మనిషిది కాదట. నేను ఎలా నడుపుతున్నానో గమనించి, దానికి తగ్గట్టు బుజ్జగించే కృత్రిమ మేధ అని ఆ అమ్మాయి గర్వంగా చెప్పింది.

నాకు మేజర్ గారు గుర్తొచ్చారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఉండి ఉంటే ఆ దుకాణం యజమానిని పిలిపించి, అదే కుర్చీలో కూర్చోబెట్టి, గంటసేపు క్లాసు పీకేవారు.

తొంభైల సంగతి ఇది. ఈ గురుగ్రామ్‌కి అప్పుడు గుర్గావ్ అని పేరు. అప్పటికి ఆవాల చేలు, వాటి మధ్య అక్కడక్కడ లేచిన కొత్త భవనాలు. అలాంటి ఒక భవనం బేస్‌మెంట్‌లో మా కంపెనీ ఉండేది. సైన్యంలో కొత్తగా చేరిన లారీ డ్రైవర్లకి లద్దాఖ్ కొండదారులు కంప్యూటర్ మీదే నేర్పే యంత్రం తయారు చేస్తున్నాం. ముందు మూడు తెరలు, వాటి మీద మేం గీసిన కొండలు. తెరల ఎదురుగా ఫరీదాబాద్ పాత ఇనుము బజారు నుంచి కొనుక్కొచ్చిన అసలు లారీ కేబిన్. డ్రైవరు అందులో కూర్చుని స్టీరింగు తిప్పితే తెర మీద కొండ తిరుగుతుంది. ఇదంతా తెనాలిలో మా అమ్మకి ఫోన్‌లో ఎలా చెప్పాలో తెలియక "లారీ ఆట చేస్తున్నామమ్మా" అన్నాను. "ఇంజనీరింగు చదివింది ఇందుకా?" అంది.

మేజర్ గారు మాకు సలహాదారు. సొంత ఊరు విజయనగరం దగ్గర. సర్వీసులో సగం ఆ మంచు దారుల్లో లారీల కాన్వాయ్‌లు నడిపించి, రిటైరై, ఢిల్లీలో పాలం దగ్గర ఇల్లు కట్టుకున్నారు. బేస్‌మెంట్‌లో కంప్యూటర్ల కోసం ఏసీ గడ్డకట్టేలా పెట్టేవాళ్లం. అందుకని ఆయన మండువేసవిలో, వడగాలిలో, స్కూటర్ హ్యాండిల్‌కి ఆలివ్ గ్రీన్ స్వెట్టర్ తగిలించుకుని వచ్చేవారు. దాబాల దగ్గర జనం ఆయన్ని వింతగా చూసేవారట. "చూడనీ. నేను లద్దాఖ్ డ్యూటీకి పోతన్నాను, ఆళ్లకేటి తెలుసు?" అనేవారు.

స్కూటర్ తీసేముందు దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసేవారు. టైర్లు నొక్కి చూసి, దీపం వెలిగించి చూసి, అప్పుడు కిక్ కొట్టేవారు. మా లారీ దగ్గరకి వచ్చిన మొదటి రోజు కూడా అదే చేయబోయారు. తెర మీద కెమెరాని లారీ చుట్టూ తిప్పమన్నారు. తిప్పితే వెనక ఏమీ లేదు. డ్రైవరుకి కనిపించేంత వరకే గీసి, మిగతాది వదిలేశాం. కేబిన్ వెనక ఆకాశం.

"ఇదేటమ్మాయ్, దీనికి ఈపు లేదు" అన్నారు.

"ఎవరూ చూడరు కదా సర్" అన్నాను.

"చూడకుండా ఎక్కినోడికి నేను తాళం ఇవ్వను" అని కుర్చీలో కూర్చుండిపోయారు. లారీకి వీపు గీసిందాకా ఇంకో పని ముట్టుకోనివ్వలేదు.

గీయడం అంత తేలిక కాదు. అప్పటి కంప్యూటర్లు ఎంత ఖరీదైనవో అంత నీరసంగా ఉండేవి. తెర మీద ఏ వస్తువునైనా చిన్న చిన్న త్రికోణాలుగా కట్టాలి. త్రికోణాలు ఎక్కువైతే బొమ్మ నత్తనడక నడుస్తుంది. ఒక మేకని రోడ్డు దాటించాలంటే మూడు దేవదారు చెట్లు కొట్టేయాలి. ఆయనకి ఆ లెక్క తెగ నచ్చింది. "కొట్టెయ్. చెట్టు ఎప్పుడేనా రోడ్డుకి అడ్డం వచ్చిందేటి? మేకలు పెంచు" అనేవారు. ఏడాది తిరిగేసరికి మా హిమాలయాలు తిరుపతి వెళ్లొచ్చినట్టు నున్నగా తయారయ్యాయి. దారి నిండా మేకలు, గాడిదలు, కూలీలు, పాలవ్యాన్లు.

మాలో ఎవరూ మంచు ఎరిగినవాళ్లం కాదు. తెనాలి, కర్నూలు, హైదరాబాద్, అందరం ఎండలో పుట్టి పెరిగినవాళ్లమే. కేలండర్ బొమ్మల్లో చూసిందే మాకు మంచు. అందుకని రోడ్డు మీద ఐసు ఉన్నచోటల్లా తెల్లగా మెరిసే పలకలు పరిచాం. చాలా అందంగా వచ్చింది. అందరం వరసగా నిలబడి ఆయనకి చూపించాం.

ఆయన మీసం దువ్వుకుంటూ చాలాసేపు చూశారు. "ఇలగ ముగ్గేసి పెడితే దాని మీదకి ఎవుడెక్కుతాడు? ఐసు కనపడితే ఎవుడు చస్తాడమ్మాయ్? అది కనపడదు. రోడ్డు రంగులోనే ఉంటాది."

"మరి డ్రైవర్‌కి ఎలా తెలుస్తుంది సర్?"

"చెవికి తెలుస్తాది. టైరు రోడ్డుని పట్టుకుని పోతంటే ఒక హోరుంటాది. ఐసెక్కగానే ఆ హోరు ఆగిపోతాది. హాయిగా ఉంటాది. ఆ హాయిలో భయపడి బ్రేకు మీద కాలెట్టినోడు తిన్నగా ఖడ్‌లోకి పోతాడు." ఖడ్ అంటే లోయ. సైన్యంలో తెలుగువాళ్లు కూడా లోయ అనరు.

మేం కష్టపడి పరిచిన తెల్లదనమంతా తుడిచేసి, దాని బదులు నిశ్శబ్దం పెట్టాం. ఆయన్నే మొదట కూర్చోబెట్టాం. మొదటి మలుపులోనే పడిపోయారు. మళ్లీ ఎక్కి మళ్లీ పడ్డారు. మొహం ఎర్రగా చేసుకుని దిగి, తప్పు మాదేనని తేల్చారు. "మీ లారీకి ఒళ్లు లేదు. బండి జారితే ముందు నడుముకి తెలియాలి" అన్నారు. సీటు కింద పెద్ద స్పీకరు బిగించి, ఇంజను అదురు నడుముకి తగిలేలా చేశాం. అప్పటినుంచి ఆయన పడలేదు. ఆ సంగతి టీ ఇచ్చే మనిషితో సహా అందరికీ చెప్పుకున్నారు. గొప్పలకేం తక్కువ లేదు ఆయనకి.

నా పని ఎదురొచ్చే బండ్లకి తెలివి నేర్పడం. అప్పట్లో కృత్రిమ మేధ అనే మాట పెద్దగా వినిపించేది కాదు, వినిపించినా నవ్వేవాళ్లు. నేను చాలా శ్రద్ధగా నియమాలు రాశాను. ఎడమ పక్కన ఉండు, ముందు బండి ఆగితే ఆగు, మలుపులో హారన్ కొట్టు. నా బండ్లు బుద్ధిగా నడిచేవి. మేజర్ గారు చూసి, "ఇదేటమ్మాయ్, అందరూ వియ్యాలోరి విడిదికొచ్చినట్టు ఒదిగొదిగి పోతన్నారు" అన్నారు.

మర్నాడు నన్ను స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని ఢిల్లీలో ధౌలా కువాన్ కూడలికి తీసుకెళ్లారు. ఫుట్‌పాత్ మీద నిలబెట్టి పరీక్ష పెట్టారు. ఆ బస్సువాడు ఎందుకు దూరాడు? ఈ టెంపోవాడు ఎందుకు ఆగాడు? నేను "రూల్ తెలియక" అంటే కాదనేవారు. "ఆడికి రూలు నీకంటే బాగా తెలుసు. ఆకలేసింది, ఇంటికి పోవాలి. ఈడికి రాత్రి నిద్ర లేదు. ఆ టాక్సీవాడు చూడు, కొత్త బండి, గీత పడతాదని భయం. రోడ్డు మీదకి బండి రాదమ్మాయ్, మనిషి వస్తాడు." తమాషా ఏమిటంటే, నా బండ్లకి తప్పులు నేర్పించిన ఈయన, తిరిగొచ్చేటప్పుడు సిగ్నల్ దగ్గర తెల్లగీతకి గజం ఇవతలే ఆపి, వెనక అందరూ హారన్లు మోగిస్తున్నా కదల్లేదు. నాకు తల తీసేసినట్టయింది.

ఆ నియమాలన్నీ చెరిపేశాను. ప్రతి బండికీ ఆకలి, నిద్ర, తొందర, భయం ఇచ్చాను. అవి పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి, బండి వాటిని బట్టి నడుస్తుంది. కొన్నాళ్లకి నేను రాయనివి కూడా జరగడం మొదలైంది. ఇరుకు మలుపులో రెండు లారీలు ఎదురుబదురు వచ్చి, నువ్వు వెనక్కెళ్లంటే నువ్వెళ్లని, రెండూ కదల్లేదు. వాటి వెనక బారులు తీరాయి. నేను కంగారుపడుతుంటే ఆయన తొడ చరుచుకుని, "ఇప్పుడొచ్చింది మన దేశం" అన్నారు. నా జీవితంలో అంత సంతోషం తెచ్చిన మెచ్చుకోలు ఇంకోటి లేదు.

ఇంకోసారి ఒక లారీ తిన్నని రోడ్డు మీద, పట్టపగలు, మెల్లగా పక్కకి ఒరుగుతూ వెళ్లి గోతిలో దిగింది. "ఇది మాత్రం నీ తప్పే. తిన్నని రోడ్డు మీద ఎవుడూ పడడు" అని ఆయన పట్టుబట్టారు. నేను లోపల అంకెలు తీసి చూపించాను. ఆ బండి డ్రైవరుకి నిద్ర పూర్తిగా నిండిపోయింది. మలుపుల్లో భయం మేలుకొలిపింది, తిన్నని రోడ్డు రాగానే భయం తగ్గి కన్ను మూతపడింది. ఆయన ఆ అంకెలు రెండుసార్లు చూసుకుని వెళ్లిపోయారు. మర్నాడు కరోల్ బాగ్ నుంచి మిఠాయి పెట్టె తెచ్చి నా కీబోర్డు మీద పెట్టి, "నువ్వే రైటు. నాకూ అలగ పడ్డవాళ్లు తెలుసు, మర్చిపోయాను" అన్నారు.

ఆయన నోట మాటిమాటికీ వచ్చే ముక్క ఒకటుండేది: నోటితో చెప్పింది కాలికి తెలీదు. పాఠాలన్నీ నోటితో చెప్పొచ్చు, బ్రేకు తొక్కేది మాత్రం కాలు. ఆ కాలు ఒకసారి తప్పు చేసి, ఆ తప్పు ఎలా ఉంటుందో తెలుసుకోవాలి. నిజం దారిలో ఆ అవకాశం ఒక్కసారే వస్తుంది, ఆ తర్వాత నేర్చుకోవడానికి మనిషి ఉండడు. మన యంత్రం ఉన్నది అందుకే. "ఇక్కడ చస్తే అక్కడ బతుకుతాడు" అనేవారు.

గొడవంతా అక్కడే వచ్చింది. మా ఎండీ పంజాబీ, మంచివాడే. సైన్యం నుంచి ఒక జనరల్ వచ్చి యంత్రాన్ని చూసి, నచ్చితే ఆర్డరు ఇస్తాడు, లేకపోతే కంపెనీ మూసేయాలి. ఆ రోజు దగ్గరపడేకొద్దీ ఎండీకి కంగారు మొదలైంది. అంత పెద్దాయన మా యంత్రం ఎక్కి, తన కిందివాళ్ల ముందు లోయలో పడితే ఏమవుతుంది? నన్ను పిలిచి, రోడ్డు అంచున కంటికి కనిపించని గోడ ఒకటి కట్టమన్నాడు. లారీ ఎంత జారినా దానికి తగిలి, మెల్లగా రోడ్డు మీదకి వచ్చేయాలి. కట్టాను. కీబోర్డు మీద ఒక్క మీటతో గోడ లేస్తుంది, అదే మీటతో పోతుంది.

మేజర్ గారికి తెలిసి ఎండీ గదిలోకి వెళ్లారు. గ్లాసు తలుపు వెనకనుంచి మాకు అన్నీ వినిపించాయి.

"గోడ ఉంటే వాళ్లు బ్రేక్ తొక్కడం నేర్చుకుంటారు. నేర్చుకుని అక్కడికి పోయి తొక్కుతారు" అన్నారు మేజర్ గారు హిందీలో.

"మేజర్ సాబ్, ఆర్డర్ వచ్చాక గోడ తీసేద్దాం. ఒక్క రోజు."

"ఆ ఒక్క రోజు చూసినదాన్నే వాళ్లు కొంటారు. తర్వాత తీయనివ్వరు."

ఎండీ గ్లాసు తలుపులోంచి మా వైపు చూశాడు. తర్వాత మెల్లగానే అన్నాడు. "మీకు పెన్షన్ వస్తుంది సాబ్. బయట కూర్చున్న ఈ పిల్లలకి రాదు."

మేజర్ గారు తలుపు తీసుకుని బయటికి వచ్చి, మా అందరినీ ఒకసారి చూసి, స్వెట్టర్ తీసుకుని వెళ్లిపోయారు. రెండువైపులా న్యాయం ఉందని అనిపించి, ఆ రోజు మాలో ఎవరూ భోజనం సరిగా చేయలేదు.

జనరల్ వచ్చాడు. తెల్ల జుట్టు, తక్కువ మాటలు. కుర్రతనంలో తనూ ఆ దారుల్లో తిరిగినవాడేనట. కేబిన్ ఎక్కి, అద్దం సర్దుకుని, ఇంజను స్టార్ట్ చేశాడు. నేను పక్కనే కీబోర్డు ముందు. గోడ లేచి ఉంది. ఎండీ నా వెనక నిలబడి మనసులో ఏ దేవుడికో దండం పెట్టుకుంటున్నాడు. మేజర్ గారు వచ్చి నా కుర్చీ దగ్గర వంగి, ఎండీకీ జనరల్‌కీ అర్థం కాని తెలుగులో, వాతావరణం గురించి మాట్లాడుతున్నట్టు అన్నారు.

"గోడ తీసెయ్ అమ్మాయ్."

"సర్, పడిపోతారు."

"పడనీ. ఎవరేనా అడిగితే నేనే తీశానని చెప్పు. ఇష్టం లేకపోతే ఒద్దు. నీ మీద కోపం రాదు నాకు."

నాకు భయం వేసింది. ఇంటికి పంపాల్సిన జీతం, అమ్మ మాటలు, అన్నీ గుర్తొచ్చాయి. తెర మీద చూశాను. ఎదురు మలుపు వెనక నా పాలవ్యాను బయల్దేరింది. దానికి తొందర నిండుగా ఉంది, భయం లేదు. అంత నిజంగా నడిచే బండికి ఎదురుగా ఒక అబద్ధపు గోడ కట్టినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. మీట నొక్కాను.

లారీ కొండ నీడలో ఐసు మీదకి వెళ్లింది. టైర్ల హోరు ఆగింది. బేస్‌మెంట్‌లో ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. మలుపులోంచి పాలవ్యాను రోడ్డు మధ్యలో దూసుకొచ్చింది. జనరల్ కాలు బ్రేకు మీద పడింది. లారీ తొందరేమీ లేనట్టు పక్కకి తిరిగి, అంచు దాటింది. సీటు అదరడం మానేసింది. కొండ, ఆకాశం, కొండ. తర్వాత తెర నిండా రాళ్లు, కింద ఎక్కడో పారే నది చప్పుడు. మేం ఆట ముగిసిందని ఎర్ర అక్షరాలు పెడతామంటే మేజర్ గారు ఒప్పుకోలేదు కాబట్టి అంతకుమించి ఏమీ రాలేదు.

ఎండీ మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. మేజర్ గారు కేబిన్ తలుపు దగ్గరకి వెళ్లి, అటెన్షన్‌లో నిలబడి, సెల్యూట్ కొట్టారు.

"సర్, యూ ఆర్ డెడ్. చాయ్ పీజియే, ఫిర్ ఆయియే."

జనరల్ దిగాడు. టీ కప్పు అందుకుని, నిలబడే తాగాడు. ఎండీ ఇక ఉండబట్టలేక ముందుకొచ్చి, సర్, పొరపాటు జరిగింది, మా దగ్గర గోడ కూడా ఉంది, ఒక్క మీట నొక్కితే ఇక ఎవరూ పడరు అని గబగబా చెప్పేశాడు.

జనరల్ కప్పు బల్ల మీద పెట్టాడు. "ముందు ఆ గోడని ఆ దారిలో కట్టించండి. తర్వాత ఇక్కడ కడుదురుగాని" అని, మళ్లీ కేబిన్ ఎక్కాడు. మళ్లీ పడ్డాడు. మళ్లీ టీ తాగాడు. ఆ తర్వాత హోరు ఆగినప్పుడు బ్రేకు జోలికి పోకుండా, ముందే చిన్న గేరులోకి దించి, పాలవ్యానుని రాసుకుంటూ దాటేశాడు. దాటాక తన కాలి వంక తనే చూసుకున్నాడు.

ఆర్డరు వచ్చింది. గోడ లేకుండా చేయాలన్నది మొదటినుంచీ తన ఆలోచనేనని ఎండీ అందరికీ చెప్పుకున్నాడు. మేజర్ గారు అవునవునని తల ఊపేవారు.

యంత్రాన్ని అప్పగించాక, మొదటి జట్టు డ్రైవర్లు నేర్చుకునే రోజున మమ్మల్నీ రమ్మన్నారు. కంటోన్మెంట్‌లో ఒక పొడుగాటి షెడ్డు. డ్రైవర్లు ఒకరి తర్వాత ఒకరు పడుతున్నారు, మేజర్ గారు సెల్యూట్ కొట్టి టీకి పంపుతున్నారు, అందరూ నవ్వుకుంటున్నారు. ఒకతను మాత్రం పడ్డాక దిగలేదు. ఇరవై దాటినవాడు, బలమైన మనిషి. స్టీరింగు రెండు చేతులతో పట్టుకుని, తెర మీద రాళ్లని చూస్తూ వణుకుతున్నాడు. నవ్వులు ఆగిపోయాయి. ఎవరో దీపాలు వేయబోతే మేజర్ గారు వద్దన్నారు. అవతలి తలుపు తీసుకుని, కేబిన్ ఎక్కి, అతని పక్కన కూర్చున్నారు.

ఇద్దరూ ఆ లోయ అడుగున కాసేపు అలాగే కూర్చున్నారు. నది చప్పుడు ఆపేద్దామని నేను దగ్గరకి వెళ్లాను.

"ఏ ఊరు నాయినా?" అంటున్నారు మేజర్ గారు.

"పలాస కాడ సార్."

"ఇంటి దగ్గర ఎవరున్నారు?"

"మా అమ్మ సార్."

మేజర్ గారు అతని వేళ్లని ఒక్కొక్కటిగా స్టీరింగు మీంచి విడదీసి, తన అరచేతిలో పెట్టుకున్నారు.

"లెగు నాయినా" అన్నారు. "బతికే ఉన్నావు."